మలుపులో పడిపోయే కారు

"మళ్ళీ ఎగిరిపోయింది!" అంది కళ్లజోడు, మంచం కింద దూరి బొమ్మకారును బయటికి తీస్తూ.

పిచ్చుక పళ్ళు కొరికింది. ఒక్కచోట నిలవదని ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరు బళ్ళో కూడా అలాగే స్థిరపడిపోయింది. కళ్లద్దాల వల్ల కళ్లజోడని పేరు పడ్డ అమ్మాయి, బళ్ళో ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు.

బడి వదలగానే ఇద్దరూ వచ్చి, ముందుగదిలో నేలమీద ప్లాస్టిక్ ట్రాక్ పరిచారు. ట్రాక్ పొడవునా సన్నని గాడి ఉంటుంది. కారు అడుగున ఉన్న చిన్న పుల్ల ఆ గాడిలో దిగుతుంది. చేతిలోని మీట నొక్కితే కారుకు కరెంటు అందుతుంది, అది పరుగెడుతుంది. వదిలితే నెమ్మదిస్తుంది.

నిన్నటిదాకా కారు అడుగున ఒక అయస్కాంతం ఉండేది. అది ట్రాక్‌లోని ఇనుప పట్టీలను గట్టిగా పట్టుకునేది. ఎంత వేగంగా పోనిచ్చినా కారు పడేది కాదు. శనివారం బళ్ళో కార్ల పందెం ఉందనగా క్రాఫ్ట్ టీచర్ అందరి కార్లలోంచీ అయస్కాంతాలు తీయించేశారు.

"అది పట్టుకున్నంత కాలం మీకు నడపడం రాదు," అన్నారు.

కారు బరువెక్కితే పడదని పిచ్చుకకు తోచింది. నాన్న టైర్ల షాపులో పనిచేస్తాడు. చక్రాలు సమంగా తిరగడానికి అంటించే చిన్న బరువు ముక్కలు నాలుగు ఆయన్నడిగి తెచ్చుకుంది. కారు లోపల పైకప్పు దగ్గర బోలెడు చోటుంది. నాలుగూ అక్కడే అంటించేసింది.

ఇంకోసారి మీట నొక్కింది. మలుపులో కారు పల్టీ కొట్టి గోడకు తగిలింది. ముందు బంపర్ చిట్లింది.

నాన్న అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"బరువు అంత పైన పెట్టకు తల్లీ. మలుపులో అదే పడేస్తుంది. కిందకి అంటించు," అన్నాడు.

"నాకు తెలుసులే నాన్నా."

"మలుపులోకి వెళ్ళకముందే మీట వదలాలి. నువ్వు..."

కళ్లజోడు కిసుక్కున నవ్వింది. పిచ్చుకకు ఒళ్ళు మండిపోయింది.

"లారీని బోల్తా కొట్టించింది నువ్వే కదా! మలుపుల గురించి నువ్వా నాకు చెప్పేది?"

కళ్లజోడు నవ్వు ఆగిపోయింది.

రెండేళ్ళ కిందట నాన్న నడుపుతున్న లారీ ఒక మలుపులో పడిపోయింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ స్టీరింగ్ పట్టుకోలేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

నాన్న చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కళ్లజోడు తల దించుకుని సంచీ భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి పిచ్చుక వంక చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది పిచ్చుకకు.

మర్నాడు ఆమె లేచేసరికే నాన్న పనికి వెళ్ళిపోయాడు.

పిచ్చుక కారు విప్పింది. ముక్కలన్నీ పీకి, అడుగున, చక్రాల మధ్య అంటించింది. ఇంకేమీ మార్చలేదు. మీట నొక్కి, మలుపుకు కాస్త ముందే వదిలింది.

కారు ఒక్క ఊపు ఊగి, మలుపు తిరిగి, ముందుకు సాగిపోయింది.

ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ కారును తీసి బడి సంచీలో పెట్టుకుంది.

సాయంత్రం బడి నుంచి నేరుగా టైర్ల షాపుకు వెళ్ళింది. నాన్న చేతులనిండా నల్లటి మసి. ఒక చక్రాన్ని తిప్పుతూ, చెవి దాని దగ్గర పెట్టి వింటున్నాడు. కూతుర్ని చూసి చక్రం ఆపాడు.

"కళ్లజోడు ముందు అలా అన్నాను నాన్నా," అంది పిచ్చుక. ఏడుపు వచ్చేసింది.

నాన్న పక్కనున్న పాత టైరు మీద ఆమెను కూర్చోబెట్టాడు.

"నువ్వన్నది అబద్ధం కాదు. అందుకే అంత తగిలింది," అన్నాడు. "ఆ రోజు లోడు బాగా ఎత్తుగా కట్టారు. చూశాను. విప్పి మళ్ళీ కట్టిస్తే ఆలస్యమవుతుందని అలాగే బయల్దేరాను. మలుపుకు ముందు తొక్కాల్సిన బ్రేకు, మలుపులోకి వెళ్ళాక తొక్కాను. క్లీనర్ కాలు విరిగింది. పాపం, ఇప్పటికీ కుంటుతూనే నడుస్తున్నాడు."

నాన్న గుడ్డతో చేతుల మసి తుడుచుకున్నాడు.

"కారు తెచ్చావా?" అన్నాడు నాన్న చివరికి.

పిచ్చుక సంచీలోంచి తీసి ఇచ్చింది. నాన్న వేలితో చక్రాలు తిప్పి చూశాడు. వెనక టైరు ఒకటి గుండ్రంగా లేదు. చెక్కకు సాండ్‌పేపర్ అంటించి, టైర్లను దానిమీద మెల్లగా రుద్దడం చూపించాడు. తర్వాత పైభాగాన్ని పట్టి ఉంచే స్క్రూలను అర చుట్టు వదులు చేయించాడు.

"వదులైతే ఊడిపోదా?"

"ఊడదు. పైన కొంచెం కదలనిస్తే కింద చక్రాలు నేలను వదలవు."

శనివారం పందెంలో పిచ్చుక మూడో స్థానంలో వచ్చింది. కారు ఒక్కసారి కూడా పడలేదు.

పందెం అయ్యాక పక్క సెక్షన్ అబ్బాయి తన కారు పట్టుకుని వచ్చాడు. అది అయిదుసార్లు పల్టీ కొట్టింది.

"నీది ఎలా నిలబడింది?"

"రా, మా నాన్నను అడుగుదాం."

పందెం చూడ్డానికొచ్చిన నాన్న తలుపు దగ్గర, అందరికీ వెనక నిలబడి ఉన్నాడు. అబ్బాయి చేతిలోంచి కారు తీసుకుని నేలమీద కూర్చుని తిరగేసి చూశాడు. చుట్టూ నలుగురైదుగురు పిల్లలు మూగారు. కళ్లజోడు కూడా వచ్చింది.

"మీకివన్నీ ఎలా తెలుసు అంకుల్?" అన్నాడు అబ్బాయి.

పిచ్చుక గబుక్కున నాన్న వైపు చూసింది.

"లారీ నడిపేవాణ్ణి బాబూ. ఒకసారి మలుపులో పడేశాను," అన్నాడు నాన్న, తల ఎత్తకుండా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిచ్చుక వాళ్ళవైపు తిరగలేదు. పిల్లల్ని తప్పించుకుంటూ ముందుకు వెళ్ళి, నాన్న పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

"స్క్రూలు నేను పట్టుకుంటా నాన్నా," అంది, గదిలో అందరికీ వినబడేలా. "నువ్వు వాళ్ళకు చెప్పు."

నాన్న ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత మొదటి స్క్రూ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.