సరిహద్దు అవతల పదకొండు గంటలు

తలుపు చప్పుడుకి అక్క మరిది లేచేలోపే డ్రైవరు భార్య లోపలికి వచ్చేసింది. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియదు.

"అక్కా, సాయంత్రం ఐదింటికి మా ఆయన్ని పోలీసులకి అప్పగిస్తారట. నిన్నటి నుంచి కంపెనీలోనే కూర్చోబెట్టారు. పచ్చి మంచినీళ్ళు ముట్టడం లేదు. నాతో కూడా మాట్లాడలేదక్కా, గోడకేసి చూస్తున్నాడు. ఆయన చూపు చూస్తే నాకు భయంగా ఉంది."

గడియారంలో పదకొండున్నర అయింది. అక్క ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

ఈ అక్కను ఆ వీధిలో అందరూ ఎక్స్చేంజ్ అక్క అంటారు. టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇరవై రెండేళ్ళు లైన్లు కలిపింది. అది మూతపడ్డాక, జనం తెగిపోయిన సంగతులన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టడం మొదలుపెట్టారు. ఫోన్లు బాగుచేసే మరిది తన దుకాణం మూసుకుని మరీ ఆమె వెంట తిరుగుతాడు. వదిన ఒక ప్రశ్న అడిగితే అతను నాలుగు పేజీలు రాసుకుంటాడు.

డ్రైవరు భార్య చెప్పింది ఇది. ఆమె భర్త చల్లటి లారీలో పసిపిల్లల టీకా మందు పెట్టెలు పక్క దేశపు ఆస్పత్రికి తీసుకెళ్తాడు. లారీలో అరచేతిలో పట్టే ఒక మిషన్ ఉంటుంది. పది నిమిషాలకోసారి లోపలి చల్లదనం ఎంతో అది మొబైల్ ఇంటర్నెట్ ద్వారా ఆఫీసుకి పంపుతుంది. సోమవారం సరిహద్దు దాటిన క్షణం నుంచి తిరిగి ఇటు వచ్చేదాకా, పదకొండు గంటలు, దాని నుంచి ఒక్క కబురు లేదు. ఆస్పత్రిలో పెట్టెలు విప్పితే, సీసాల మీద వేడి తగిలితే నల్లబడే చుక్కలన్నీ నల్లగా ఉన్నాయి. మందంతా పాడైంది.

"డీజిల్ మిగిల్చి అమ్ముకోడానికి లారీలో చల్లదనం ఆపేశాడట. అది తెలియకుండా మిషన్ కట్టేశాడట. ఆయనకి దాన్లో ఒక్క మీట తప్ప ఏం తెలుసక్కా?"

కంపెనీ ఆఫీసులో మేనేజరు వాళ్ళని కూర్చోమనలేదు.

"పదిసార్లు వెళ్ళొచ్చాడు, మిషన్ ఎప్పుడూ ఆగలేదు. ఈసారే ఎందుకాగింది? స్విచాఫ్ చేశాడు కాబట్టి. మీరేం చూసుకుంటారో ఐదింటిలోపు చూసుకోండి."

వెనక గదిలో డ్రైవరు స్టూలు మీద కూర్చున్నాడు. అక్క ఎదురుగా నేల మీదే కూర్చుంది. అతను గోడ మీంచి చూపు తిప్పాడు.

"ఆ పిల్లలకి వేరే మందు పంపారా?"

అంతే. మళ్ళీ గోడకేసి తిరిగిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

కంపెనీ మిషన్లు చూసుకునే టెక్నీషియన్ లారీలోని మిషన్‌ని రెండు చేతులతో పట్టుకొచ్చాడు. చిన్న తెర, బుల్లి మీటలు.

"లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుందండీ. చేతిలో పట్టే కంప్యూటరనుకోండి. అవతలి దేశంలో పనిచేయాలంటే రెండు కావాలి. సిమ్ కంపెనీ రోమింగ్ ఇవ్వాలి, అది ఇచ్చింది. ఇందులో కూడా బయటి నెట్‌వర్క్ వాడొచ్చని పెట్టాలి, అదీ నేనే పెట్టాను. ఆరోజు ఏడింటికి మన కంపెనీ గేటు దగ్గర పరీక్షించాను. కనెక్ట్ అయింది."

మరిది పెన్ను ఆపాడు. "గేటు దగ్గర సొంత నెట్‌వర్కే కదయ్యా! రోమింగ్ ఉన్నా లేకున్నా కనెక్ట్ అవుతుంది. పెరటి బావిలో ముంచి సముద్రం లోతు చెప్పినట్టుంది నీ పరీక్ష."

టెక్నీషియన్ ముఖం పాలిపోయింది. "ఎప్పుడూ అక్కడే పరీక్షిస్తానండీ..."

"ఇది రాత్రిళ్ళు ఎక్కడుంటుంది?" అక్క అడిగింది.

"స్టోరులో, ఛార్జింగులో. తాళంచెవి స్టోరు కీపరుగారి మొలలోనే ఉంటుంది. ఆయనొచ్చేదాకా నేను మెట్ల మీద కూర్చోవాల్సిందే."

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

అతను మిషన్ వెనక మూత తీశాడు. బ్యాటరీ మీద టేపు ముక్క, దాని మీద అతని చేతిరాతలోనే పాస్‌వర్డ్. "మర్చిపోతానని..."

"ఇంటికి తాళం వేసి చెవి గడపకి తగిలించావన్నమాట," అన్నాడు మరిది.

స్టోరు కీపరు బొద్దుగా ఉన్న మనిషి, మాట మెత్తన. చల్లగది తలుపు తానే తీసి చూపించాడు. పెట్టెలు సీలు వేసి లారీకి ఎక్కించేదీ తనేనన్నాడు.

"ఏముందమ్మా, సరిహద్దు దాటగానే రోమింగ్ తీసేశాడు, డీజిల్ అమ్ముకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకం చూడదా?"

"ఆరోజు మీరెన్నింటికి వచ్చారు?"

"అందరితోపాటే, ఏడింటికి."

చల్లగది పక్కన రేకు కింద మోటారు ఉంది. రేకంతా దుమ్ము, మోటారు మాత్రం తళతళలాడుతోంది. అక్క వంగి, మూలన పడున్న తెల్లటి థర్మోకోల్ ముక్క తీసి చూసింది.

"ఇదెప్పుడు మార్చారు?"

"చాలా కాలమైందమ్మా."

అక్క ఆ ముక్కను సంచిలో వేసుకుంది. మూడున్నరైంది. డ్రైవరు భార్య మెట్ల మీద కూర్చుని గడియారం వంకే చూస్తోంది.

"వదినా, పదకొండు గంటల లెక్కలు లేకపోతే మనం ఎంత వాదించినా గాలికే," అన్నాడు మరిది.

అక్క టెక్నీషియన్ వైపు తిరిగింది. "పంపలేని లెక్క ఏమవుతుంది?"

"పోతుందండీ. నా ప్రోగ్రాం పంపుతుంది, దాచదు."

"మా ఎక్స్చేంజ్‌లో కలిసిన కాల్‌కి ఒక పుస్తకం, కలవని కాల్‌కి ఇంకో పుస్తకం ఉండేది. ఎవరు అడిగారు, ఎందుకు కలవలేదు, అన్నీ రాయాల్సిందే. నీ మిషన్‌కి అలాంటి రెండో పుస్తకం లేదా?"

టెక్నీషియన్ ఒక్క ఉదుటున మిషన్ అందుకున్నాడు.

నాలుగున్నరకి అందరూ మేనేజరు గదిలో ఉన్నారు. డ్రైవరుని భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బయట పోలీసు జీపు ఆగిన చప్పుడైంది.

"మిషన్‌ని ఎవరూ కట్టేయలేదు," అంది అక్క. "ఆ పదకొండు గంటలూ అది పది నిమిషాలకోసారి ప్రయత్నించింది, ఓడిపోయింది, ప్రోగ్రాం దాచకపోయినా లోపలి లినక్స్ ఆ ఓటమిని, అప్పటి చల్లదనంతో సహా, తన పుస్తకంలో రాసుకుంది. చదువు బాబూ."

టెక్నీషియన్ చదివాడు. "పంపలేకపోయాను, నాలుగు పాయింట్ రెండు డిగ్రీలు. పంపలేకపోయాను, నాలుగు పాయింట్ మూడు... మొత్తం అరవై ఆరు వరసలు. ఐదు డిగ్రీలు ఎక్కడా దాటలేదు."

"లారీ చల్లగానే ఉంది. మరి మందెక్కడ పాడైంది? లారీ ఎక్కకముందే. చల్లగది పాత మోటారు కాలిపోయింది. మేనేజరుగారూ, కొత్త మోటారు సంగతి మీకు తెలుసా?"

"కొత్త మోటారా?"

"ప్యాకింగ్ ముక్క ఇంకా అక్కడే పడుంది. పాడైన మందు సీలు పెట్టెల్లో ఉంది, చుక్కలు బయటికి కనబడవు. కానీ లారీ లెక్కలు సరిగ్గా వస్తే అందరూ చల్లగదినే అనుమానిస్తారు. అందుకని లెక్కల్లో ఒక గండి కావాలి, అది డ్రైవరు చేతిలో ఉన్నప్పుడే పడాలి. రోమింగ్ వద్దని మార్చిన సమయం మిషన్‌లో ఉంది. సోమవారం తెల్లవారుజామున ఐదూ నలభై. తాళం వేసిన స్టోరులో, బ్యాటరీ మీద రాసున్న పాస్‌వర్డ్‌తో. అందరూ స్విచాఫ్ అంటుంటే, రోమింగ్ తీసేశాడన్నది ఒక్కరే."

ఎవరూ అతని వైపు చూడాల్సిన పనిలేకపోయింది. స్టోరు కీపరు మొలలోని తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"రాత్రి మోటారు ఆగిపోతే చూసుకోలేదమ్మా. పొద్దున్నే చూస్తే గది ఉడికిపోతోంది. ఉద్యోగం పోతుందని... నాకూ పిల్లలున్నారు."

"మందు కోసం చూసేవాళ్ళకీ ఉన్నారు," అన్నాడు డ్రైవరు. నిన్నటి నుంచి అతను అన్న రెండో మాట అది.

జీపు వేరే మనిషిని ఎక్కించుకుని వెళ్ళింది. మేనేజరు ఏదో క్షమాపణ మొదలుపెట్టాడు. డ్రైవరు వినలేదు. భార్య అందించిన గ్లాసెడు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగి, టెక్నీషియన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"కొత్త పెట్టెలు ఎప్పుడొస్తాయి?"

"రేపు పొద్దున్నే అండీ. మిషన్‌లో రోమింగ్ ఇప్పుడే పెట్టేస్తా, గేటు దగ్గర పరీక్షించి..."

"గేటు దగ్గర కాదు. నువ్వు నాతో లారీ ఎక్కు. అవతల పరీక్షిద్దువుగాని."

మర్నాడు తొమ్మిదిన్నరకి డ్రైవరు భార్య ఆఫీసులో తెర ముందు నిలబడి ఉంది. కాళ్ళకి రెండు చెప్పులూ ఉన్నాయి. పక్కన అక్క, మరిది. లారీ సరిహద్దు దాటి ఎనిమిది నిమిషాలైంది. తొమ్మిది నిమిషాలైంది. మరిది తెర దగ్గరికి వంగాడు.

తెర మీద ఒక వరస మెరిసింది. నాలుగు పాయింట్ ఒకటి.

ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి, తర్వాతి వరస వచ్చేదాకా తీయలేదు.