అక్కయమ్మ తీసిన తొమ్మిది ఫోటోలు

దొంగ తెలివితక్కువవాడని హెడ్ కానిస్టేబుల్ మునికృష్ణప్ప స్టూడియో గడప దాటకముందే తేల్చేశాడు.

"చూడండి మేడం. బల్ల మీద ఇంత లావు లెన్సు ఉండాది. నలభై వేలంట. దాన్ని ఇడిచిపెట్టి లోపలుండే ప్లాస్టిక్ డబ్బా ఎత్తుకపోయినాడు. ఇట్లాంటోన్ని పట్టేదానికి ఇద్దరం రావల్లా?"

సబ్ ఇన్‌స్పెక్టర్ శశికళ అప్పటికే గదిని రెండుసార్లు చుట్టేసింది. చింతామణి స్టేషన్‌లో ఆమె కుర్చీ ఇప్పటికీ కొత్తదే. అరిగిపోయేది బూట్లే.

ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర.

స్టూడియో యజమాని రామచంద్రప్పకు డెబ్బై రెండేళ్లు. ఊళ్లో పెళ్లిళ్లు డిజిటల్ కుర్రాళ్ల చేతికి పోయాక, పాత ఫిల్మ్ కెమెరాలు బాగుచేసి తక్కువ ధరకు అమ్ముకుంటున్నాడు. ప్రతి ఆదివారం బెంగళూరు నుంచి, బాగేపల్లి నుంచి కుర్రకారు వస్తారు. చేతిలో తక్కువ డబ్బు, కళ్లలో ఎక్కువ ఆశ. వాళ్లకు ఆయన లెన్సులోకి టార్చి వేసి ఫంగస్ చూపిస్తాడు, వెనక మూత స్పంజి జిగటగా ఉంటే కొనొద్దంటాడు. అమ్మేవాడే కొనొద్దనే దుకాణం అదొక్కటే.

"ఏం పోయిందప్పా?"

"మా ఆమె కెమెరా."

"ఖరీదైందా?"

"నా లెక్కలో ఏమీ చెయ్యదమ్మా. ప్లాస్టిక్‌ది. వాళ్లన్న ఇచ్చినాడు. సబ్బు డబ్బా అని ఎగతాళి చేస్తాంటి." ఆయన లోపలి గది వైపు చెయ్యి చూపించాడు. "లోపల చూడు."

లోపలి గదిలో ఒక గూడు. దీపం, నాలుగు కనకాంబరాలు, మధ్యలో ఖాళీ.

"ఆయమ్మ ఫోటో కూడా ఎత్తుకపోయినాడా?"

"ఫోటో యాడిది? ఊరందరికీ తీస్తి. మా అక్కయమ్మ కెమెరా ముందరికి వస్తే కదా! నన్నొద్దు, దుడ్డిచ్చేవాళ్లను తియ్యి అంటాండె. ఆమె పోయి ఎనిమిది నెలలు. ఫోటో పెట్టాల్సిన చోట ఆమె కెమెరా పెట్టుకొంటి."

శశికళ నడక తగ్గింది.

"దాంట్లో రీలుండాదమ్మా. తొమ్మిది ఫోటోలు తీసింది. పైన చిన్న కిటికీలో అంకె కనిపిస్తాది. దినామూ దీపం పెట్టేటప్పుడు ఆ తొమ్మిదిని చూస్తా. చేత్తో మాత్రం తాకింది లేదు. ఆమె చేతి పసుపు మరక దాని మీద ఉండాది. తాకితే పోతాదని."

"రీలు తీసి కడగలేదెందుకు?"

"నిండలేదు కదా. కడిగితే అంతటితో అయిపోతాది." ఆయన చప్పున శశికళ వైపు తిరిగాడు. "అదీగాక ఆమెకు వేలు అడ్డం పెట్టే అలవాటు. ఆ డబ్బాకు మనం చూసే కిటికీ వేరే, లెన్సు వేరే. వేలు పడినా తెలీదు. ఎన్నిసార్లు తిట్టింటానో! ఆ తొమ్మిదిలో ఎన్ని బాగొచ్చినాయో ఏమో. అయినా అవే కదమ్మా మిగిలింది. దొంగ మూత తెరిస్తే వెలుతురు తగిలి అంతా పోతాది. ఒక్క సెకను చాలు. తొందరగా పట్టుకోమ్మా."

ఆ తొందర శశికళకు కూడా అంటుకుంది. ఎక్కడో ఒక వేలు ఈ క్షణంలో ఆ మూత గొళ్లెం మీద ఉండొచ్చు.

"పొద్దున్నుంచి ఎవరెవరు వచ్చినారు?"

"ముగ్గురే. తొమ్మిదికి దీపం పెట్టేటప్పుడు కెమెరా ఉన్నింది. ఒంటిగంటకు చూస్తే లేదు."

మొదటివాడు సునీల్‌కుమార్. పాత కెమెరాలు కొని ఇంటర్నెట్‌లో అమ్ముకునే బెంగళూరు మనిషి. బస్టాండు పక్క హోటల్లో దొరికాడు. బ్యాగులో మూడు లెన్సులున్నాయి, మూడింటికీ రామచంద్రప్ప రాసిచ్చిన రసీదులున్నాయి.

"ఆ ప్లాస్టిక్ కెమెరా చూసినావా?"

"గడప దగ్గర నుంచి చూసినా. లోపలికి పోనియ్యడు ఆయప్ప. తొమ్మిది ఫోటోల కథ మాత్రం వచ్చినప్పుడల్లా చెప్తాడు."

"దొంగ తెలివితక్కువోడంటాడు మా హెడ్డు."

సునీల్‌కుమార్ నవ్వాడు. "మీ హెడ్డుకు మార్కెట్ తెలీదు మేడం. ఈ పొద్దు పెండ్లికూతుర్లకు ఆ సబ్బు డబ్బా ఫోటోలే కావల్ల. ముప్పై వేలిచ్చి కొంటాండారు. నేనే నెల ముందర అడిగితే ఆయప్ప నన్ను తరుముకున్నాడు."

"అడిగితే ఇయ్యలేదని ఎత్తుకున్నావా?"

నవ్వు ఆగిపోయింది. "బ్యాగు చూసినారు కదా మేడం!"

"బ్యాగు చూసినాం. నువ్వు మధ్యలో యాడ దాచింటావో చూడలేదు. మునికృష్ణప్పా, ఇతన్ని స్టేషన్లో కూర్చోబెట్టు."

నాలుగూ నలభైకి జీపు చిక్కబళ్ళాపురంలో ఆగింది.

రెండోవాడు నాగరాజ్. నాలుగేళ్లు రామచంద్రప్ప దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు. ఇప్పుడు పెళ్లి ఫోటోగ్రాఫర్. సంగతి ఫోన్లో ముందే తెలిసింది కాబోలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున ఎందుకు పోయినావు?"

"పాత లెన్సొకటి నా కొత్త కెమెరాకు పడతాదేమో చూసేదానికి మేడం. కొత్త లెన్సు కొనే స్తోమత లేదు. అడాప్టర్ తగిలించి చూసి, పడకపోతే వచ్చేస్తి."

"లోపలి గదిలోకి పోయినావా?"

"లేదు. హాల్లోనే ఉంటి."

"ఆ కెమెరా ఏ మోడలు?"

"తెలీదు మేడం. దాన్ని నేను చూసిందే లేదు. నేను పని మానేసినాక వచ్చింది అది. సార్ చెప్తాంటే విన్నదే."

"ఎవరి మీదన్నా అనుమానం ఉండాదా?"

"ఎవర్నని చెప్పేది? అక్కయమ్మ చేతి అన్నం తినింటిని మేడం. పాపం, ఇరవై ఏడు ఫోటోలు... సార్ ప్రాణమంతా దాంట్లోనే ఉండాది." అతను మొహం తిప్పుకొని కళ్లు తుడుచుకున్నాడు.

శశికళ దొంగ ఏడుపులు చాలా చూసింది. ఇది దొంగ ఏడుపు కాదు. అందుకే ఆమె మనసు అతని మీద నిలవలేదు. జీపు బాగేపల్లి వైపు తిరిగింది.

మూడో మనిషి వీణ. డిగ్రీ రెండో సంవత్సరం. తండ్రిది బాగేపల్లిలో విత్తనాల అంగడి. శశికళ మేడ మెట్లెక్కేసరికి ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కెమెరా!

శశికళ ఒక్క అంగలో వెళ్లి లాక్కుంది.

"ఇది యాడిది?"

"సండే బజార్‌లో కొనింటి! ఆరునూర్లకు. ఫ్లాష్ పని చెయ్యదని తక్కువకిచ్చినాడు." వీణ భయపడలేదు, కోపగించుకుంది. "రామచంద్రప్ప తాతదీ ఇదే రకం, కానీ బూడిద రంగు. ఇది నలుపు. మెల్లగా పట్టుకోండి మేడం, ఇంకొకటి కొనేదానికి నా దగ్గర దుడ్లు లేవు."

పసుపు మరక లేదు. శశికళ తిరిగిచ్చేసింది.

"ఒకటి ఉండగా ఇంకో కెమెరాకు ఎందుకు పోయినావు?"

"దీంట్లో ఫోకస్ మన చేతిలో ఉండదు మేడం. చేత్తో తిప్పేది కావల్ల. ఏడాది నుంచి చదవతాండా. ఏది కొనాల, ఏది కొనకూడదు అని. ఒక్కసారే కొనగలను కదా."

"మూత తెరిస్తే రీలు పోతాదంటారే, అది నిజమా? ఎట్ల పోతాదో చూపించు."

సొరుగులోంచి ఒక పాడైన రీలు తీసింది వీణ. దాన్ని పెట్టి తీసి అభ్యాసం చేస్తూ ఉంటుందట. రీలు పెట్టి మూత వేసింది. కెమెరా లోపల మోటారు గిర్రుమని చాలాసేపు తిరిగింది. తర్వాత బటను నొక్కింది. మళ్లీ నొక్కింది.

పైన కిటికీలో ఇరవై నాలుగు. ఇరవై మూడు. ఇరవై రెండు.

"తగ్గుతాందే!" అంది శశికళ.

"ఈ రకం అంతే మేడం. పెట్టిన వెంటనే రీలంతా బయటికి లాక్కుంటాది. ఫోటో తీసేకొద్దీ తీసినంత మళ్లీ రీలు చుట్టుండే డబ్బీ లోపలికి పోతాది. ఈ అంకె మిగిలినవాటిది, తీసినవాటిది కాదు."

శశికళ కదలకుండా నిలబడిపోయింది. జీపు డ్రైవరు చూసి ఉంటే కంగారు పడేవాడు.

తర్వాత ఫోన్ తీసింది.

"నాగరాజ్, గూడు ఫోటోలు కేసుకు కావల్ల. మీ సార్ స్టూడియోకు రా. కెమెరా బ్యాగు తెచ్చుకో."

రాత్రి ఎనిమిదికి ముందే అందరూ చింతామణి స్టూడియోలో ఉన్నారు. రామచంద్రప్ప గూటి పక్కనే నిలబడ్డాడు. మునికృష్ణప్ప తలుపు దగ్గర.

"ఒకే ప్రశ్న," అంది శశికళ, అటూ ఇటూ నడుస్తూనే. "ఎన్ని ఫోటోలు పోయినాయి? సునీల్?"

"తొమ్మిది."

"వీణా?"

"తాత తొమ్మిదని చెప్పినాడు."

"అప్పా?"

"తొమ్మిదేనమ్మా."

"నాగరాజ్, నువ్వు సాయంత్రం వేరే లెక్క చెప్తివి. ఇరవై ఏడు. నేను కూడా అప్పుడు పట్టించుకోలేదు. ఏడుస్తాండే మనిషి లెక్క తప్పినాడనుకొంటి."

నాగరాజ్ బ్యాగును గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు తప్పలేదు. ఇంతమందిలో లెక్క సరిగ్గా చెప్పింది నువ్వొక్కడివే. అప్పా, ఆ కెమెరాలో అంకె వెనక్కి పోతాది. తొమ్మిదంటే మిగిలినవి తొమ్మిది. ముప్పై ఆరు రీలైతే ఆయమ్మ తీసినవి ఇరవై ఏడు."

"ముప్పై ఆరా, ఇరవై నాలుగా, నేను చూడనే లేదే," అన్నాడు రామచంద్రప్ప అయోమయంగా.

"అదే కావల్ల నాకు. రీలు ఎంతదో తెలియాలంటే కెమెరా చేతికెత్తి, వెనక మూతకుండే కిటికీలోంచి రీలు మీది అంకె చూడాల. ఎనిమిది నెలలుగా మీరే ఎత్తలేదు. గదిలోకే పోని మనిషికి, మోడలే తెలీని మనిషికి ఆ లెక్క ఎట్ల తెలిసె? చెప్పు నాగరాజ్!"

నాగరాజ్ బ్యాగు దించి నేల మీద పెట్టాడు.

"వచ్చే వారం నంది కొండ కింద పెండ్లి మేడం. ఆ మోడలుతోనే తీయాలన్నారు. నా జీవితంలో అంత పెద్ద పార్టీ రాలేదు. సార్ ఈ పాపకు టార్చి వేసి లెన్సు చూపిస్తాంటే లోపలికి పోయి ఎత్తుకొంటి."

"అడగొచ్చు కదరా," అన్నాడు రామచంద్రప్ప.

"అడిగింటే ఇస్తాంటిరా సార్?"

"ఇయ్యను."

ముసలాయన ఒక అడుగు ముందుకు వేశాడు. "మూత తెరిచినావా?"

"తెరిచినా సార్."

రామచంద్రప్ప చేతులు గోడను వెతుక్కున్నాయి. శశికళ వెళ్లి భుజం పట్టుకుంది.

"ఏమీ కాలేదప్పా. తీసినవన్నీ అప్పటికే డబ్బీ లోపల ఉన్నాయి. వెలుతురు వాటికి తగల్లేదు. నాగరాజ్, రీలు యాడ?"

బ్యాగు లోపలి జేబులోంచి చేతిరుమాలు మూట బయటికొచ్చింది. దాంట్లో చిన్న ఫిల్మ్ డబ్బీ.

"పారేద్దామని రెండుసార్లు బండి ఆపినా. చేతులు రాలేదు. ఇద్దామంటే దొరికిపోతా." అతను వెక్కుతున్నాడు. "కెమెరా నా రూములో ఉండాది. మరక తుడవలేదు సార్. నిజంగా తుడవలేదు."

అతని జాలే అతన్ని పట్టించింది. శశికళకు అది సంతోషంగా లేదు. అయినా చట్టం చట్టమే. మునికృష్ణప్ప అతన్ని జీపు దగ్గరికి నడిపించాడు. రామచంద్రప్ప అటు చూడలేదు. రెండు చేతులతో డబ్బీని పట్టుకొని ఉన్నాడు.

"ఎనిమిది నెలలు ఆ అంకెను తప్పు చదివితి. నలభై ఏండ్ల సర్వీసు నాది! సబ్బు డబ్బాలో నేర్చుకునేది ఏముండాదిలే అనుకొంటి. ఆమెకు తెలిసింటాది. నేను అడిగిందే లేదు."

సోమవారం పొద్దున రీలు ఆయనే కడిగాడు. నలుపు తెలుపు రీలు, గడువు దాటిపోయింది. ఆ డబ్బాకు మంచి రీలు దండగని అప్పట్లో ఆయనే చేతికి దొరికిందేదో ఇచ్చాడట. చీకటి గది బయట గడియారం చూస్తూ నిమిషాలు చెప్పింది వీణ. దారిన పోతూ వచ్చానని చెప్పి శశికళ కూడా వచ్చింది. కుర్చీలో కూర్చుంది.

తడి ఆరిన రీలును ఆయన కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు.

ఇరవై ఏడు ఫోటోలూ ఆయనవే. లెన్సు తుడుస్తున్న ఆయన. బల్ల మీద తలపెట్టి నిద్రపోతున్న ఆయన. గడ్డం గీసుకుంటూ, చెట్నీ బాగాలేదని మొహం పెడుతూ, కొత్తగా వచ్చిన కుర్రాడికి టార్చి వేసి చూపిస్తూ. జీవితమంతా ఊరిని ఫోటో తీసిన మనిషిని ఒక మనిషి ఫోటో తీస్తూ ఉందని ఆయనకు తెలియనే తెలియదు.

ఆమె మాత్రం ఎందులోనూ లేదు.

వీణ భూతద్దంతో చూసింది. "తాతా, దాదాపు అన్నిట్లోనూ మూలలో వేలు అడ్డమొచ్చింది. మీరు బాధపడద్దండి. ప్రింటు వేసేటప్పుడు అంత వరకు కోసేస్తా."

ఆయన భూతద్దం తీసుకున్నాడు. చాలాసేపు ఆ మూలనే చూశాడు.

"కోసేదుంటే నన్ను కోసెయ్యమ్మా," అన్నాడు. "ఆ వేలు మాత్రం ఉంచు."