కిటికీ పక్క కుర్చీ

క్లాసు మొదటి రోజే నా కథ చివరి పేజీని అడ్డంగా కొట్టేసింది నాతో చదివే ఒకమ్మాయి. పక్కన ఎర్ర సిరాతో, ఇది ముగింపు కాదు, పారిపోవడం అని రాసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజే ఆమెకు ఎర్రపెన్ను అని పేరు పెట్టేశాను. ఆమె మాత్రం ఊరుకుంటుందా? ఏ కథా ఏ మాటా పూర్తి చెయ్యనని నాకు మూడుచుక్కలు అని పేరు తగిలించింది. ఏడాది తిరక్కుండానే, ఆమె ఎర్రగీత పడని పేజీ చూస్తే బెంగపడే స్థితికి వచ్చాను. నా ఖర్మ కాకపోతే ఏమిటి?

మా సాహిత్య విశ్లేషణ క్లాసులో ఒక పద్ధతి ఉంది. ఎవరి కథ గురించి చర్చ జరుగుతుందో వాళ్లు కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి. కూర్చున్నంతసేపూ చచ్చిపోయినట్టే లెక్క. వాళ్లు నోరు విప్పకూడదు, వాళ్ల వైపు ఎవరూ చూడకూడదు. రాసినవాడు పక్కన నిలబడి సర్దిచెప్పాల్సి వస్తే అది కథే కాదని మేడమ్ వాదన. చర్చ అయ్యాక ఆవిడ వచ్చి కుర్చీ వెనక తట్టి "లే, వచ్చెయ్" అంటేనే మళ్లీ బతికినట్టు. ఎప్పుడో ఒకసారి ఒక అబ్బాయిని పిలవడం మరిచిపోయారనీ, ఆ తర్వాత అతను ఎవరికీ కనిపించలేదనీ సీనియర్లు చెప్పేవాళ్లు. కొత్తవాళ్లను బెదరగొట్టడానికి కోసే కోతలేనని నేను కొట్టిపారేశాను.

ఆఖరి క్లాసు రోజు నా వంతు వచ్చింది. మర్నాడు ఉదయం ఎర్రపెన్ను ఉద్యోగంలో చేరడానికి వేరే ఊరు వెళ్లిపోతోంది. ఆ రోజు చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేను. నోటితో చెప్పే ధైర్యం లేక కథలో పెట్టాను. బస్టాపులో బెంచీ మీద ఒక దయ్యం. రోజూ అదే బెంచీ మీద కూర్చునే అమ్మాయి. ఆమెకు అతను కనిపించడు. చివరికి అతను ఏదో చెప్పబోతాడు, బస్సు వచ్చేస్తుంది, కథ అయిపోతుంది.

మధ్యాహ్నమే మబ్బు పట్టి గదిలో చీకట్లు కమ్మాయి. కథలో వాన ఎక్కువైందని ఒకరన్నారు. ఆ దయ్యం ఉత్త దద్దమ్మ అని నా స్నేహితుడే తేల్చేశాడు. చచ్చినవాణ్ణి కదా, పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ఎర్రపెన్ను మాత్రం రెండో పేజీ దగ్గరే ఆగిపోయి మళ్లీ మళ్లీ చదువుతోంది. అంతలో మేడమ్‌కి ఫోన్ వచ్చింది. కూతురికి నొప్పులు మొదలయ్యాయట. ఆవిడ ఉన్నపళంగా పరుగుతీశారు. నా కుర్చీని ఎవరూ తట్టలేదు.

అందరూ బ్యాగులు సర్దుకున్నారు. ఎవరైనా తట్టండ్రా బాబూ అన్నాను నవ్వుతూ. ఒక్కరూ తల తిప్పలేదు. నా స్నేహితుడు నా కుర్చీకి తగిలించిన గొడుగు తీసుకుని, నా ముఖం ముందు నుంచే వెళ్లిపోయాడు. వేళాకోళం అనుకున్నాను. క్యాంటీన్‌కి వెళ్లి టీ అడిగాను. కౌంటర్ దగ్గర ఆవిడ నన్ను దాటి చూస్తూ నా వెనకున్నవాడికి కప్పు అందించింది. మళ్లీ అడిగాను. ఆవిడ గుడ్డ తీసుకుని నా ముందు బల్ల తుడవడం మొదలుపెట్టింది. అప్పుడు చెయ్యి గట్టిగా గిల్లుకుంటే నొప్పి తెలిసింది. దయ్యాలకు నొప్పి ఉండదని మాత్రం ఎవరు చెప్పొచ్చారు?

పిలుపు అందాల్సింది ఆ కుర్చీలోనే కదా అని తిరిగి క్లాసుకు వచ్చాను. గది ఖాళీగా ఉంది. కుర్చీలో చెయ్యి పెట్టి చూస్తే, ఎవరో అప్పుడే లేచినట్టు వెచ్చగా తగిలింది. నేను లేచి చాలాసేపయింది. అయినా అందులోనే కూర్చున్నాను.

ఎర్రపెన్ను లోపలికి వచ్చింది. నా వైపు చూడకుండా పక్క కుర్చీలో కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

"రాసినవాడు లేడు కాబట్టి ధైర్యంగా చెప్తున్నా," అంది కిటికీలోంచి వాన చూస్తూ. "రెండో పేజీలో ఆ అమ్మాయి కూర్చోగానే బ్యాగు ఒళ్లో పెట్టుకుంటుంది. బెంచీ అంతా ఖాళీయే కదా, ఒళ్లో ఎందుకు? పక్కన అతనున్నాడని ఆమెకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. పాపం, రాసినవాడికే తెలీదు."

ఆ వాక్యం నేను ఊహించి రాసింది కాదు, చూసి రాసింది. క్లాసులో అందరూ పక్క కుర్చీల మీద బ్యాగులు పడేసేవాళ్లు. ఆమె మాత్రం అంత బరువునూ ఒళ్లోనే మోస్తూ పక్క కుర్చీ ఖాళీగా ఉంచేది. ఏడాదంతా అది చూస్తూనే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. నాకంటే దద్దమ్మ ఉంటాడా?

"నువ్వంటే నాకు..." అని ఆగిపోయాను.

ఆమె కదల్లేదు. కిటికీ మీంచి చూపు తిప్పలేదు. ఈమెకు కూడా వినపడకపోతే ఇక నేను ఎవరికీ లేనట్టేనని భయం వేసింది.

"నువ్వంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. రేపు నువ్వు వెళ్లిపోతావంటే ఏడుపొస్తోంది."

ఆమె మెల్లగా నా వైపు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి. లేచి వచ్చి నా కుర్చీ వెనక తట్టింది.

"లే, వచ్చెయ్. నాకూ ఇష్టమే, మొద్దూ."

మేడమ్ వెళ్లగానే, నన్ను పలకరించొద్దని అందరికీ సైగ చేసింది తనేనట. మాట పూర్తిచేసేదాకా నన్ను బతకనివ్వకూడదని అనుకుందట. హమ్మయ్య అనుకుని కుర్చీలోంచి లేచి, క్యాంటీన్ ఆవిడ కూడా భలే నటించిందే అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నేను క్యాంటీన్ వైపే వెళ్లలేదు," అంది.

తలుపు దగ్గర తాళాల గుత్తి గలగలలాడింది. అటెండర్ లోపలికి తొంగిచూశాడు.

"వాన పెద్దదయ్యేలా ఉంది. ముగ్గురూ తొందరగా బయటికి రండి, తాళం వెయ్యాలి."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పరుగెత్తుతుందేమో అనుకున్నాను. కానీ ఎర్రపెన్ను దేన్నీ సగంలో వదలదు. వెనక్కి తిరిగి, ఆ ఖాళీ కుర్చీని మళ్లీ తట్టింది.

"మీరు కూడా లేవండి," అంది. "వచ్చెయ్యండి."

మేమిద్దరం ఇంకా కుర్చీ దగ్గరే ఉన్నాం. తలుపు దగ్గర అటెండర్ పక్కకు జరిగి ఎవరికో దారి ఇచ్చాడు.

మర్నాడు ఉదయం బస్టాపులో ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.