సెల్లమ్మ ఇంటి గీతలు

గుడియాత్తంలో ఏటిగట్టు పక్క వీధి చివర తాళం వేసిన ఇల్లొకటి ఉంది. సెల్లమ్మ ఇల్లంటారు. రాత్రి తొమ్మిది దాటితే ఆటోవాళ్లు ఆ మలుపు దాకా వచ్చి, మిగతా దూరం నడిచి పొమ్మంటారు. రెట్టింపు ఇస్తామన్నా కదలరు.

బతికినన్నాళ్లూ సెల్లమ్మ తెల్లారకముందే లేచి, వీధిలో సగం వాకిళ్లకు తనే ముగ్గు వేసేదట. ఆమె పోయి రెండేళ్లయింది. ఈ మధ్య ఆ వీధిలో గేట్ల పక్కన, మోకాలెత్తులో, గోడ మీద సుద్దముక్కతో గీసిన గీతలు కనిపించడం మొదలైంది... మెలికలు మెలికలుగా, ముగ్గు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినట్టు. గీత పడిన మొదటి ఇంట్లో వారం తిరక్కముందే దొంగలు పడ్డారు. రెండో ఇంట్లోనూ అంతే. ఇంకేముంది — సెల్లమ్మ ముగ్గేసిన ఇంటికి కీడు అని ఊరంతా పాకిపోయింది.

ఇదంతా నాకు చెప్పింది బాలచంద్రన్, నాకు మేనల్లుడి వరస. నేను చిత్తూరులో తెలుగు పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. దెయ్యాల మాటెత్తితే నాకు నవ్వు ఆగదు. "దెయ్యానికి మీ బీరువా తాళాలెందుకురా?" అని వాణ్ణి ఏడిపించేవాణ్ణి. వాడు మాత్రం నవ్వేవాడు కాదు.

దొంగతనాల తర్వాత వీధిలో బాలచంద్రన్‌తో సహా ఎనిమిది మంది కలిసి రాత్రి కాపలా పెట్టుకున్నారు. వాళ్లకు పెద్ద వరదరాజులు. అరవై దాటిన మనిషి, మంచి మాటకారి. ఎవరు ఏ రాత్రి ఎక్కడ నిలబడాలో ఆయనే చెప్తాడు. అందరికీ తలొక ఈల కొనిచ్చింది కూడా ఆయనే. ఒక్క ఈల వేస్తే అంతా క్షేమమని. మూడు వేస్తే పరుగెత్తి రావాలని.

వాళ్ల అనుమానమంతా జెబరాజ్ మీద. బాలచంద్రన్ పక్కింట్లోకి కొత్తగా బాడుగకు వచ్చాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని, రాత్రి పదిన్నరకు ఇల్లు చేరతాడు. అదే అతను చేసిన తప్పు. రోజూ ముఖాన టార్చి కొట్టి, టిఫిన్ సంచి వెతికి పంపేవాళ్లు. కాపలాకు నేనూ వస్తానన్నాడట పాపం. వద్దన్నారు. వాట్సాప్ గ్రూపులో కూడా చేర్చుకోలేదు.

మొన్న శనివారం రాత్రి పదకొండు కావస్తుండగా బాలచంద్రన్ ఫోన్ చేశాడు. గొంతు గుసగుసగా ఉంది.

"మామా... మేలుకోనుండావా?"

"ఉండాను నాయనా, చెప్పు."

"మా ఇంటికీ పడింది మామా... గీత."

ఈసారి నాకు నవ్వు రాలేదు. తెల్లారితే వాడి పాపకు చెవులు కుట్టే ఫంక్షన్. వాడి భార్య పవిత్ర, పుట్టింటివాళ్లు పెట్టిన నగలు ఆ పొద్దున్నే బ్యాంకు లాకర్లోంచి తెచ్చుకుంది. ఆ సంగతి వీధంతా తెలుసు. ఇంట్లో ఆ నగలతో ఉండేది పవిత్ర, ఏడు నెలల పాప — ఇద్దరే.

"పొద్దున్నే చూసినాము. పవిత్ర ఏడ్చి ఏడ్చి, తుడిచేస్తానని తడిగుడ్డ తెచ్చింది. వరదరాజులన్న ఒద్దన్నాడు. తుడిస్తే సెల్లమ్మకు కోపమొస్తాది, ఉండనీండప్పా అన్నాడు."

"మరి ఇంత రేత్రప్పుడు నాకెందుకు చేసినావు?"

"ఆ గీతల్లో ఒకటి... పలమనేరు బస్సు బోర్డు మీద ఉంటాదే, ఆ అక్షరం మాదిరి ఉండాది మామా. అనుమానమొచ్చింది. అన్నిటికీ ఫోటో తీసి పంపించినా. నువ్వొకసారి చూడు."

వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. గుడియాత్తం అరవ ఊరు కాబట్టి బడిలో చదివింది మాత్రం అరవం. మా అమ్మాయి పెండ్లి పత్రిక అందాక, అది చదవలేక, ముహూర్తం ఎప్పుడని ఫోన్ చేసి అడిగిన బంధువులు వాళ్లు.

కళ్లద్దాలు పెట్టుకుని ఫోటో పెద్దది చేశాను. ఒకదానికొకటి తగిలించి, గొలుసుగా గీసిన చుట్టలు. ఒక్కదానికీ తలకట్టు లేదు. కాసేపు నాకూ ఏమీ తోచలేదు. తర్వాత... ఒక్కో చుట్టా విడదీసి చదువుకుంటూ పోయాను.

ముగ్గు కాదది. తెలుగు.

మొదట దొంగలు పడిన ఇంటి గోడ మీద — 'ఆరు దినాలు ఊర్లో లేరు.'

రెండో ఇంటి మీద — 'ముసిలాయన ఒకడే. చెవుడు.'

మూడోది వాడి ఇల్లు. 'శనివారం నగలు వస్తాయి. రేత్రి మొగోడుండడు.'

ఎవరో ఎవరికో పెట్టిన కబురు. ఫోన్ చేస్తే పోలీసులకు దొరుకుతుంది, సుద్దరాత దొరకదు. పైగా అందరూ తెలుగు మాట్లాడే ఆ వీధిలో, దాన్ని చదివేవాడు ఒక్కడూ లేడు.

"మామా, ఏం రాసుండాది? చెప్పు మామా..."

"నువ్విప్పుడు యాడుండావు?"

"సెల్లమ్మ ఇంటి ముందర. ఈ రేత్రికి ఈ కొన నన్ను చూసుకోమన్నాడు వరదరాజులన్న. మా ఇంటికాడ ఆయనే ఉండాడులే. పయమిల్ల, దిగులు పడొద్దు."

"ఈ ఫోటోలు ఆయనకు చూపించినావా?"

"చూపించినా. తెలుగా ఏందన్నా అని గూడా అడిగితిని. నేను చదివిందీ అరవమే గదప్పా, నాకేం తెలుసు అన్నాడు."

నా నెత్తిన గోడ గడియారం పదకొండు కొట్టింది.

మా అమ్మాయి పెండ్లికి ఆ వీధివాళ్లంతా కలిసి ఇచ్చిన గడియారం అది. వెనక అట్ట మీద పేనాతో రాసిన దీవెన ఉంది — 'నూరేండ్లు చల్లగా ఉండండి. వరదరాజులు.' మండపంలో అది చదివి నేనెంత మురిసిపోయానో. "తలకట్లన్నీ యాడ పారేసినావన్నా?" అని ఆటపట్టించాను కూడా. "చిన్నప్పుడు పుంగనూరులో చదివిన చదువు పంతులూ, చెయ్యి తిరగదు" అని ఆయన పెద్దగా నవ్వాడు.

గడియారం తిప్పి చూడాల్సిన పని లేకపోయింది.

"బాలా! ఇంటికి పరుగెత్తు. పవిత్రకు ఫోన్ చేసి, ఎవురు పిలిచినా తలుపు తియ్యొద్దని చెప్పు!"

"పాప లేస్తాదని రేత్రిళ్లు ఫోను ఆపేస్తాది మామా... ఏమైంది?"

"ఆ రాతలు వరదరాజులువిరా! పక్కింటి జెబరాజ్ వచ్చేసి ఉంటాడు. అతనికి చెయ్యి. వెంటనే మీ తలుపు కాడికి పొమ్మను!"

 

"జెబరాజ్ నెంబరు... మేమెవురమూ తీసుకోలేదు మామా."

వాడు పరుగందుకున్నాడు. ఫోన్ ఆపలేదు. చెప్పుల చప్పుడు, ఆయాసం, ఎక్కడో కుక్క అరుపు... నేను దేవుళ్లందరినీ మొక్కుకుంటూ ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాను. ఇన్నాళ్లూ వాడి భయాన్ని చూసి నవ్వినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

అంతలో, దూరంగా, వరదరాజులు కాపలా ఉన్న వాడి ఇంటి వైపు నుంచి ఈల వినిపించింది.

రెండోదాని కోసం చెవులు రిక్కించాను. మూడోదాని కోసం...

ఒక్కటే. అంతా క్షేమమని.