మూడోసారి పడిన చుక్క

నరసరావుపేటలోని ఆ కంటి ఆసుపత్రిలో పొద్దున పదింటికే బెంచీలు నిండిపోయాయి. గురజాలలో మందుల షాపు నడిపే అమరేశ్వరరావు గోడవారగా కూర్చున్నాడు. షుగరు వచ్చి పదేళ్ళయింది. కంటి నరాలు ఒకసారి చూపించుకుందామని బస్సెక్కి ఒంటరిగా వచ్చాడు.

నర్సు మెహరున్నీసా సీసా పట్టుకుని దగ్గరికొచ్చింది.

"నీటికాసులు, అదే కంట్లో ప్రెషరు, ఏమన్నా ఉన్నాయా బాబాయ్? గుండెజబ్బు? ఏ మందన్నా ఒంటికి పడదా?"

"అట్టాంటివేం లేవమ్మా."

"ఇవి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు. కాసేపు మండుతుంది. దగ్గరివి మసకబారతాయి, వెలుతురు చూడలేరు. సాయంత్రం దాకా బండి తీయొద్దు. కన్ను బాగా నొప్పెట్టినా, వాంతులైనా వెంటనే చెప్పాలి."

రెండు కళ్ళలో వేసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కి పట్టుకోమంది. "పావుగంటకి మళ్ళీ వేస్తా. కళ్ళు మూసుకుని కూర్చోండి."

ఆ ప్రశ్నలకు ఆయన మనసులో కలుక్కుమంది. రెండేళ్ళ కిందట పున్నమ్మను వాటిలో ఒక్కటీ అడగలేదు.

పున్నమ్మ నాపరాళ్ళ క్వారీలో కూలి మనిషి. కళ్ళు ఎర్రబడ్డాయని షాపుకొస్తే, డాక్టరు చీటీ లేకుండానే ఇలాంటి చుక్కలే చేతిలో పెట్టాడు. ఎవరో వాడి వాపసిచ్చిన సీసా. మూడోనాడు తల పగిలిపోతోందని, వాంతులని పరిగెత్తుకొచ్చింది. పైత్యమని మాత్ర ఇచ్చి పంపించాడు. ఆమెకు నీటికాసులున్న సంగతి చూపు పోయాకే బయటపడింది. నెల తిరక్కుండా క్వారీ గుంతలో పడి చచ్చిపోయింది. పరామర్శ వంకతో వెళ్ళి, గూట్లో ఉన్న ఆ సీసాను ఎవరూ చూడకుండా జేబులో వేసుకొచ్చాడు.

మెహరున్నీసా రెండోసారి చుక్కలు వేసి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాను చప్పుడు... ఎవరిదో దగ్గు... స్పిరిట్ వాసన. ఆ వాసన మెల్లమెల్లగా తగ్గి, తడిసిన రాతిపొడి వాసన వచ్చింది. పక్కన ఎవరో కూర్చున్నారు.

"మండుతుందా బాబూ?" ముసలి గొంతు, గుసగుసగా.

"కొంచెం."

"నాకు చానా మండింది."

కళ్ళు తెరిచాడు. పక్కన ఓ ఆడమనిషి. మొహం మాత్రం అలికేసినట్టుంది. చుక్కల వల్లేలే అని సర్దిచెప్పుకున్నాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"నేను దూరం పోతే తెలుస్తది."

ఆమె లేచి, హాలు చివరిదాకా నడిచి, గుమ్మం దగ్గర ఇటు తిరిగింది. అంత దూరాన మొహం నిలువుటద్దంలో ఉన్నంత స్పష్టంగా కనిపించింది.

పున్నమ్మ.

నుదుట రాయి చీల్చిన గాయం. పాపలు లేని తెల్లటి కళ్ళు.

మనిషి అక్కడే నిలబడి ఉంది. గొంతు మాత్రం ఆయన చెవి పక్కనే...

"తల పగిలిపోతంది బాబూ అన్నా. ఏందన్నావు?"

"తప్పయిపోయింది పున్నమ్మా... షాపు మూసేస్తా..."

"మూసుకో, మూసుకోకపో. నాకు ఉండటానికి చోటు కావాల. కంటి తలుపులు బార్లా తెరిపిచ్చుకున్నావుగా."

గరుకు వేళ్ళు ఆయన రెప్ప పైకి లాగాయి. అరవబోయాడు. కుడికంట్లో చుక్క పడింది. మంచులా చల్లగా. తర్వాత ఎడమకంట్లో.

అప్పుడు వచ్చింది కేక. మెహరున్నీసా పరిగెత్తుకొచ్చింది.

"మూడోసారి ఎవరేశారమ్మా?"

"నేను రెండుసార్లే వేశా బాబాయ్. ఇంకెవరూ రాలేదే!" అంటూ ఆయన చెంప దూదితో తుడిచింది. దూదికి తెల్లటి రాతిపొడి అంటుకుంది.

సాయంత్రానికి తగ్గాల్సిన పాపలు తగ్గలేదు. మర్నాడూ తగ్గలేదు. వారానికి రెండు కళ్ళూ బొగ్గుల్లా నల్లగా అయిపోయాయి. పట్టపగలు కిటికీలకు దుప్పట్లు కట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుంటే చాలు, రెప్పల వెనక ఎవరో చీర సర్దుకుని కూర్చున్న చప్పుడు.

పదోరోజు డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు. గదిలో ఇద్దరే ఉన్నారు. అమరేశ్వరరావు గడ్డాన్ని మెషీను మీద ఆనించి, డాక్టరు కంట్లోకి లైటు వేశాడు. చాలాసేపు చూశాడు.

కంట్లోంచి చూపు తిప్పకుండానే, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు వినయంగా అన్నాడు...

"సరేనమ్మా... లైటు తగ్గిస్తాను."