ఆఖరి ఇటుక

శవాన్ని లేపడానికి ఉలి తెప్పించాల్సి వచ్చింది.

మనిషి బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. కుడి అరచేయి నేలకి ఆని ఉంది. నిన్న సాయంత్రం ఆ నేల మీద ఉన్నది ట్రేల నుంచి కారిన సున్నపు ముద్ద. తెల్లారేసరికి అది రాయి అయింది. చేయి అందులో ఇరుక్కుపోయింది.

ఫోరెన్సిక్ వాళ్లు చుట్టూ చెక్కి చేయి విడిపించారు. అచ్చు మిగిలిన పలకని జాగ్రత్తగా పెకలించి పెట్టెలో పెట్టారు.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. స్టేషన్‌లో ఆవిడని చాటుగా ‘నస మేడమ్’ అంటారు, అడిగిందే అడుగుతుందని. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పట్టించుకోదు.

"ఈ గదిలో ఏం చేస్తారు?"

సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు. "పక్క ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకొస్తాం మేడమ్. సున్నం, బూడిద కలిపి నొక్కిన పచ్చి ఇటుకలు ఇక్కడ పేరుస్తాం. తలుపు మూసి గ్యాస్ వదుల్తాం. రాత్రంతా ఇటుక ఆ గ్యాస్‌ని తాగేస్తుంది. పొద్దున్నకి రాయి."

"లోపల మనిషి ఉంటే?"

"ఊపిరాడదు మేడమ్."

చనిపోయింది ఫ్యాక్టరీలో ఇటుకల్ని పరీక్షించే టెస్టర్. గ్యాస్ వాల్వు తిప్పింది అతని సొంత మామగారు. అందరూ బాబాయ్ అని పిలిచే ముసలాయన. పొద్దున్న తలుపు తీసిందీ ఆయనే. పోలీసులకి ఫోన్ చేసిందీ ఆయనే. "నా అల్లుణ్ణి నేనే చంపేశాను, రండి," అన్నాడట.

స్టేషన్‌లో ఆయన ముందు టీ పెట్టారు. ముట్టుకోలేదు.

"తలుపు ఎవరు మూశారు?"

"నేనే అయ్యుంటానమ్మా."

"అయ్యుంటాను అంటే?"

"రోజూ ట్రేలు ఎక్కించి మూసేది నేనేగా. నిన్నా మూసే ఉంటాను."

"గుర్తుందా?"

"రోజూ చేసే పని విడిగా ఏం గుర్తుంటుంది?"

"మొదట్నించీ చెప్పండి."

"ట్రేలు ఎక్కించాను. సున్నానికి చేతులు మండుతుంటే కుళాయి దగ్గరికెళ్లి కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి తలుపు మూసుంది, పచ్చలైటు వెలుగుతోంది. వాల్వు గదిలోకెళ్లి తిప్పాను. అప్పటికి ఆరు దాటింది."

"కుళాయి దగ్గరికి వెళ్లే ముందు మూశారా?"

"మూసే ఉంటాను."

"మూశారా, లేదా?"

"తెలీదమ్మా! గ్యాస్ ఎక్కుతుంటే టకటకమని వినబడింది. పైపు ఎప్పుడూ అలా కొట్టుకుంటుంది. పైపే అనుకున్నాను. వాడు తలుపు కొట్టాడేమో. పిలిచాడేమో."

బయట బెంచీ మీద ఆయన కూతురు కూర్చుని ఉంది. తండ్రిని బయటికి తెస్తుంటే ముఖం గోడవైపు తిప్పుకుంది. "ఆయన్ని నా కళ్లముందుకి తేకండి," అంది కానిస్టేబుల్‌తో. ముసలాయన ఆ మాట విన్నాడు. నడక ఆగి, మళ్లీ సాగింది.

"నిర్లక్ష్యం కేసు మేడమ్," అన్నాడు ఎస్.ఐ. "ఒప్పుకున్నాడు కూడా. సాయంత్రానికి కాగితాలు తయారు."

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. గుర్తులేని పనిని ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని కేసు తేలిపోయిందంటే ఆవిడకి గిట్టదు. పైగా పోస్ట్‌మార్టమ్ రిపోర్టు వచ్చింది. తల మీద దెబ్బకి స్పృహ పోయింది. ప్రాణం పోయింది మాత్రం ఊపిరాడక. మరి దెబ్బ ఎలా తగిలింది? కాలుజారి వెల్లకిలా పడితే తల వెనక పగులుతుంది. ఇతను బోర్లా ఉన్నాడు.

మధ్యాహ్నం మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లింది.

యార్డులో ఇటుకలు దొంతర్లుగా ఉన్నాయి. ఒక్కో దొంతరలో ఒక ఇటుకకి చిన్న గుంట. దాన్ని వేలితో తడిమింది.

"ఇదేమిటి?"

"బొటనవేలి గుర్తు మేడమ్," అన్నాడు సూపర్‌వైజర్. "తలుపు సగం లాగాక, బయట నిలబడే, గుమ్మం పక్క ట్రేలో ఆఖరి ఇటుక మీద వేలు నొక్కుతాం. గోరు మునిగితే నీళ్లు సరిపోయినట్టు. అప్పుడు పూర్తిగా మూస్తాం. డాక్టర్ గారు మొదట్లో నేర్పిన పద్ధతి. ఇప్పుడు చేయి దానంతటదే వెళ్లిపోతుంది."

"అన్నీ ఇలా మొద్దుగా ఉన్నాయేం?"

"అవి బాబాయ్‌వి. ఆయన బొటనవేలు పై కణుపు ప్రెస్‌లో పడి పోయింది. ఆయన గుంటని ఎవరైనా పోల్చేస్తారు."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. "నిన్నటి బ్యాచ్ కదిలించారా?"

"లేదు. మీరే సీలు వేశారుగా."

సీలు తీయించింది. గుమ్మం పక్క ట్రే. ఆఖరి ఇటుక. టార్చి వేసింది.

నిండు బొటనవేలు. సున్నపు పిండిలో దిగి, గ్యాస్‌కి గట్టిపడి, గీత గీతా నిలిచిపోయింది. మధ్యలో ఏటవాలుగా ఒక కోత మచ్చ. పొద్దున్న అందరూ శవం వైపు చూశారు. దాని పక్కనే ఉన్న ఈ ఇటుకని ఎవరూ చూడలేదు.

"ఈ ఇటుకలు ప్రెస్ నుంచి ఎప్పుడు వచ్చాయి?"

"అయిదుంబావుకి."

"మీరూ నొక్కుతారా?"

"నేను గ్లవ్స్ తీయను మేడమ్. నాకు సున్నం పడదు. నా గుర్తులో గీతలుండవు."

పై అంతస్తులో డాక్టర్ గారు ఉన్నారు. వైద్యుడు కాదు, ఈ పద్ధతిని కనిపెట్టి డాక్టరేట్ పొందినాయన. మెత్తటి మనిషి. టెస్టర్ మాటెత్తగానే కళ్లు తుడుచుకున్నాడు.

"నిన్న సాయంత్రం మీరు కిందికి వెళ్లారా?"

"అయిదింటికే పైకి వచ్చేశాను. ఆ బ్యాచ్‌ని కన్నెత్తి కూడా చూడలేదు."

"అసలు చూడలేదా?"

"చెప్పానుగా."

"తర్వాత కూడా?"

"ఎన్నిసార్లు అడుగుతారండీ?"

"నాకు అదో జబ్బు," అంది ఇన్‌స్పెక్టర్.

మర్నాడు ఉదయం అందరినీ ఆ గది ముందు నిలబెట్టింది. సూపర్‌వైజర్, డాక్టర్ గారు, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య బాబాయ్. కూతురు దూరంగా, తండ్రికి వీపు చేసి నిలబడింది. పక్కనే అలాంటిదే ఇంకో గ్యాస్ గదిలో కొత్త ట్రేలు ఎక్కించి ఉన్నాయి.

"డాక్టర్ గారూ, ఈ పద్ధతి మీది. తలుపు ఎలా మూయాలో ఒకసారి చూపించండి. రిపోర్టులో రాయాలి."

ఆయన ముందుకొచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లకి వివరిస్తూనే ఆ పక్క గది తలుపు సగం లాగాడు. మాట సాగుతూనే ఉంది. కుడిచేయి లోపలికి వెళ్లింది. బొటనవేలు ఆఖరి ఇటుక మీద దిగింది.

అక్కడ మాట ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ పాత ఇటుకని తీసి ఆ గుంట పక్కన పెట్టింది. రెంటిలోనూ అదే వేలు. అదే ఏటవాలు మచ్చ.

"కన్నెత్తి చూడని బ్యాచ్ మీద మీ వేలు ఎలా పడింది? ఈ ఇటుక పుట్టిందే అయిదుంబావుకి. తలుపు మూసేవాడు తప్ప ఎవరూ అక్కడ వేలు పెట్టరు. పెట్టినవాడికి లోపల పడున్న మనిషి కనబడకుండా ఉండడు."

డాక్టర్ గారు వేలికంటిన సున్నాన్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్లీ మళ్లీ తుడిచాడు.

"అతను పాత బ్యాచ్ ఇటుకలు పగలగొట్టి మందు చల్లాడు," అన్నాడు చివరికి. "గ్యాస్ అందినచోట రంగు మారదు. అందని చోట గులాబీ రంగు వస్తుంది. ప్రతి ఇటుకా లోపల గులాబీయే. పైన మాత్రమే రాయి, లోపల ఉత్త ముద్ద. అవి ఆస్పత్రి గోడలకి వెళ్లాల్సినవి. రేపు లారీలు ఆపేస్తానన్నాడు. బాబాయ్ కుళాయి దగ్గరికెళ్లగానే నన్ను లోపలికి పిలిచి మరీ, గ్యాస్ ఎక్కడ అందట్లేదో చూపించాడు. నా జీవితమంతా పెట్టానండీ దీని మీద! ట్రే కమ్మీ తీసి..."

"కొట్టారు. పడిపోయాడు. ఊపిరి ఉందని తెలుసా?"

డాక్టర్ గారు తలుపు వైపు చూశాడు.

"తెలుసా?"

"తెలుసు."

"బాబాయ్ వచ్చి వాల్వు తిప్పుతాడనీ తెలుసు. ముసలాయన చేత చంపించారు. అంతటి సమయంలోనూ ఇటుక బాగా రావాలని వేలు నొక్కి చూసుకున్నారు!" ఆవిడ గొంతులో అసహ్యం దాగలేదు. "తీసుకెళ్లండి."

బేడీలు వేశారు. బాబాయ్ నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

"తలుపు మూసింది నేను కాదా అమ్మా?"

"కాదు."

"వాల్వు తిప్పింది నేనేగా. ఆ టకటక... వాడేనా?"

ఇన్‌స్పెక్టర్ పెట్టె తెరిచి రాతి పలక తీసింది. అరచేతి అచ్చు. గీతలు, గోళ్లు, ఉంగరం అంచుతో సహా.

"గ్యాస్ వదిలేటప్పటికి ఇది పచ్చి ముద్ద. ఒక్క వేలు కదిలినా చెదిరిపోయేది. చూడండి, ఎక్కడా చెదరలేదు. ఆయనకి మెలకువ రాలేదు. ఎవర్నీ పిలవలేదు."

ఆయన చూడలేకపోయాడు. కళ్లు మూసుకున్నాడు.

కూతురు దగ్గరికి వచ్చింది. పలక మీదికి వంగి, ఆ అచ్చులో తన చేయి పెట్టింది. చుట్టూ బోలెడు ఖాళీ మిగిలింది. తర్వాత రెండో చేత్తో తండ్రి మొండి వేలు పట్టుకుంది.

"పైపే నాన్నా," అంది.