వండి తెచ్చిన టర్కీ కోడి

క్రిస్మస్ రోజు ఉదయం జర్మనీలోని హానోవర్ మీద పొగమంచు దిగి ఉంది. ఎదురింటి కిటికీలో వెలుగుతున్న కాగితపు నక్షత్రం గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తోంది. ట్రామ్ వచ్చి ఆగింది. ఎవరూ ఎక్కకుండానే మెల్లగా మంచులో కలిసిపోయింది. లాక్‌డౌన్‌లో ఊరంతా నిద్రలోనే పండగ చేసుకుంటున్నట్టుంది.

వంటింటి బల్ల మీద పెద్ద తెల్లని అట్టపెట్టె ఉంది. లోపల వండిన టర్కీ కోడి. జనాన్ని కూర్చోబెట్టి వడ్డించడానికి వీల్లేక, వీధి చివర రెస్టారెంటువాళ్ళు ఈ ఏడాది కోళ్ళని వండి ఇంటికిస్తున్నారు. టైటస్ నిన్న మాస్కు పెట్టుకుని గంటసేపు లైన్లో నిలబడి తెచ్చాడు.

“పండగనాడు కూడా ఎవరో వండింది తినాలంట్రా?” అంది తల్లి వరమ్మ. “నరసాపురంలో క్రిస్మస్‌కి ముప్పైమందికి నేనొక్కదాన్నే వండేదాన్ని.”

“ఇది ఆల్రెడీ ఉడికిపోయిందమ్మా. వేడి చేసుకుంటే చాలు, సూజీ చూసుకుంటుంది. జనవరి ఏడో తారీకు డాక్టరు దగ్గర నీ టెర్మిన్ అయ్యేదాకా నువ్వు స్టవ్ జోలికి వెళ్ళొద్దని అనుకున్నాం కదా.”

వరమ్మ తన చేతుల వంక ఒకసారి చూసుకుని, ఆన్‌లైన్ ఆరాధన మొదలవుతోందని చివరి గదిలోకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరిలో కొడుకునీ కోడలు సూజీనీ మనవరాలు షారన్‌నీ చూసిపోదామని వచ్చిన మనిషి, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయింది. అక్టోబరులో ఇంట్లో నలుగురికీ కరోనా సోకింది, తేలిగ్గానే తగ్గింది. ఆ తర్వాత నవంబరులో ఒకరోజు పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మేసింది. అలారం మోగింది. తొమ్మిదేళ్ళ షారన్ భయపడి ఏడ్చింది. మీటింగు మధ్యలోంచి పరుగెత్తుకొచ్చిన టైటస్, “స్టవ్ మీద ఇదెవరు పెట్టారు?” అని అరిచాడు.

“నేనేనేమో నాయనా... గుర్తు లేదు,” అంది వరమ్మ, తన గది గుమ్మంలో నిలబడి.

స్టవ్‌కి మూడడుగుల దూరంలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న సూజీ తల ఎత్తలేదు.

ఆ రోజు నుంచి వరమ్మకి వంట లేదు. మతిమరుపు డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్నారు. వరమ్మ చిన్న పుస్తకం ఒకటి పెట్టుకుని అందులో రాసుకోవడం మొదలుపెట్టింది. ‘ఈరోజు మంగళవారం. బీపీ మాత్ర వేసుకున్నాను. కళ్ళజోడు టీవీ పక్కన ఉంది.’ సూజీ ఆ పేజీ ఒకసారి చూసింది. చూడనట్టే మూసేసింది.

ఇప్పుడు టైటస్ కోడి పెట్టెతో వచ్చిన కాగితం మీది జర్మన్ చదివి సూజీకి చెప్పాడు. “ట్రేలో సూప్ పోసి, పైన ఫాయిల్ కప్పి, ఓవెన్‌లో నూట అరవై డిగ్రీల్లో రెండు గంటలు. చివర్లో ఫాయిల్ తీసి వేడి పెంచితే తోలు కరకరలాడుతుందట, పది నిమిషాలు చాలు.” చెప్పి తనూ ఆరాధనకి వెళ్ళాడు.

సూజీ అన్నీ అలాగే చేసింది. ఓవెన్ లోపల పసుపుపచ్చని వెలుగులో కోడి బంగారం బొమ్మలా ఉంది. చివరి గదిలోంచి సన్నగా తెలుగు పాట వినిపిస్తోంది. ఫాయిల్ తీసి, వేడి పెంచి, పక్కనే కుర్చీలో కూర్చుని ఫోన్ చూసింది. ఆఫీసు మెయిల్. మసాలాల కంపెనీ ల్యాబ్‌లో సరుకు వాసన చూసి మంచిచెడ్డలు చెప్పడం ఆమె పని. జనవరి రెండో వారంలో అందరికీ వాసన పరీక్ష ఉంటుందని రాశారు. ఆమె ఆ నాలుగు వాక్యాలనే మళ్ళీ మళ్ళీ చదువుతూ ఉండిపోయింది. ఓవెన్ అద్దం మసకబారింది. బయటి మంచే లోపలికి వచ్చిందనిపించింది ఆమెకి.

“సూజీ! మాడుతోందే!”

వరమ్మ పరుగులాంటి నడకతో వచ్చి ఓవెన్ ఆపేసింది. గుడ్డ పట్టుకుని ట్రే లాగింది. అడుగున సూప్ ఇగిరిపోయి నల్లగా పొగ లేస్తోంది. కిటికీ తెరిచి కోడలి వైపు తిరిగింది.

“రెండు తలుపులవతల నాకొచ్చింది వాసన. ఇక్కడే కూర్చున్నావు, నీకు రాలేదా?”

వరమ్మ డబ్బాలోంచి లవంగం తీసి, నలిపి, ఆమె ముక్కు దగ్గర పెట్టింది. “ఇదేం వాసన?”

సూజీ గట్టిగా గాలి పీల్చింది. “తెలీడం లేదత్తయ్యా. అక్టోబరు నుంచీ... ఏదీ తెలీడం లేదు.”

అప్పుడే టైటస్ వచ్చాడు. వెనకే షారన్, ముక్కు మూసుకుని.

“అమ్మా! మళ్ళీ ముట్టుకున్నావా? ఎన్నిసార్లు చెప్పాలి? ఇంట్లో పిల్ల ఉంది, ఇల్లు అంటుకుంటే?”

వరమ్మ కోడలి ముఖం చూసింది. “సర్లేరా, నాదే—”

“కాదు!” సూజీ లేచింది. “ఇప్పుడూ నేనే. ఆ రోజు పప్పు పెట్టింది కూడా నేనే. నా ముందే మాడింది, నాకు వాసన రాలేదు. అత్తయ్య తన మీద వేసుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.”

వరమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది.

“అయితే నా బుర్ర బాగానే ఉందా?”

ఆ మాట చాలా నెమ్మదిగా అంది. తర్వాత గొంతు పెరిగింది. “రోజూ లేవగానే షారన్ పేరు గుర్తుందో లేదో అని పైకి చెప్పుకుని చూసుకునేదాన్ని సూజీ. మీ మామయ్య ముఖం గుర్తుచేసుకుని పడుకునేదాన్ని, తెల్లారేసరికి పోతుందేమోనని. ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్తే నిజమైపోతుందనిపించింది. నా ముక్కే నా ఉద్యోగం...” సూజీ ఆమె పాదాల దగ్గర కూలబడింది. “మీ పుస్తకం చూశాను. చూసి కూడా చెప్పలేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.”

వరమ్మ ఆమెను లేవనెత్తలేదు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

గంట గడిచింది. టైటస్ తలుపు దగ్గర నిలబడి, “అడగకుండానే నిన్ను తప్పుపట్టానమ్మా,” అన్నాడు. షారన్ జర్మన్‌లో ఏదో అడగబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. వరమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగు నడుముకి బిగించింది.

“రేపు సెలవులు అవ్వగానే దీన్ని ముక్కు డాక్టరుకి చూపించరా. నా టెర్మిన్ నాకక్కర్లేదు. ఏమ్మాయ్, ఆఫీసులో నువ్వే నోరు తెరిచి చెప్పు. దాచిపెట్టి చూశావుగా ఏమైందో.”

కోడి మాడిన చోట్ల కోసి పారేసి, మంచి మాంసం ముక్కలుగా విడదీసింది. నూనె వేసి ఉల్లిపాయలు వేయించడం మొదలుపెట్టింది. సూజీ గుమ్మంలోనే నిలబడింది.

“అక్కడెందుకు? ఇలా రా.”

వచ్చి పక్కన నిలబడింది. ఆవిరి ఇద్దరి ముఖాల మీదుగా లేచి, కిటికీ అద్దం మీద మంచులా పరుచుకుంటోంది.

“కళ్ళు మూసుకో,” అంది వరమ్మ. “ఉల్లిపాయ ఎర్రబడుతోంది. తీపి వాసన, మా అమ్మ వేయించే సెనగపిండిలా. ఇప్పుడు అల్లం వేశాను. ఘాటుగా ఉంది, వాన వెలిసిన దొడ్లో మట్టి తవ్వినట్టు. ఆగు, ధనియాలు వేస్తున్నా...”

సూజీ కళ్ళు మూసుకునే వింది. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. వరమ్మ గరిటె తిప్పుతూ, ఒక్కొక్క వాసననీ కోడలికి చెబుతూనే ఉంది.